డ్రిల్లు సారు ఎడమ కాలు

మా బాపు కార్డు రాస్తే అందులో మూడు వార్తలే ఉంటాయి. నాలుగోది రాస్తే కార్డు బరువెక్కి టప్పావాడు మోయలేడని ఆయన అనుమానం కావచ్చు. పోయిన నెలలో హైదరాబాదు హాస్టలుకు వచ్చిన కార్డులోనూ మూడే ఉన్నాయి. "మన ఎర్రెద్దుకు గాలికుంటు తగ్గింది, కుంటకుండ నడుస్తున్నది. డ్రిల్లు సారు బేస్తారం నాడు పోయిండు. చెల్లె బడికి పోతున్నది."

బాపు కార్డులను గదిలో అందరికీ వినిపించడం నా అలవాటు. సింహాసనం మీంచి ఫర్మానా చదువుతున్నట్టు గొంతు సవరించుకుని చదువుతాను. ఎద్దు దగ్గర అందరూ నవ్వారు. రెండో వాక్యం నోట్లోంచి బయటికి వచ్చాక గాని అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. వాళ్ళింకా ఎద్దు గురించే నవ్వుతున్నారు. నేను కార్డు బోర్లించి కూర్చున్నాను. మా చెల్లెలు బడికి పోతున్న సంగతి ఆ గదిలో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

డ్రిల్లు సారును ఎరగని వాళ్ళ కోసం రెండు మాటలు. మా ఊరి మిడిల్ స్కూలులో ఆయన డ్రిల్లు మాస్టరు. ఖాకీ నిక్కరు, మెడలో ఈల, వేలు పెడితే తెగేటట్టు ఇస్త్రీ మడత. "హోషియార్!" అని కేక వేస్తే మేం కర్రల్లా బిగుసుకుని నిలబడేవాళ్ళం. గోడ పక్కన గడ్డి మేస్తున్న గాడిద కూడా మేత ఆపి నిలబడేది. మా జమాతు మొత్తంలో దానికే మొదటి మార్కు ఇవ్వాలని సారు ఒకసారి బహిరంగంగా ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. చదువు చెప్పిన సార్లు మాకు చాలామంది ఉన్నారు గాని, నిలబడడం నేర్పింది ఆయనొక్కరే. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు.

అంత గొంతున్న మనిషి శుక్రవారం పొద్దున మాత్రం నోరు విప్పేవారు కాదు. అప్పట్లో బడికి సెలవు శుక్రవారమే. తెల్లవారగానే గాలం కర్ర భుజాన వేసుకుని డిండి నీళ్ళ మీదికి పోయి, మధ్యాహ్నం నమాజు వేళకు తిరిగి వచ్చేవారు. ఆ వాగుకు కట్ట కట్టి నీళ్ళు నింపినప్పుడు మా దిక్కు కొన్ని చెలకలు, మోటబావులు, ఒక చింతల తోపు మునిగిపోయాయి. మా ఊరివాళ్ళు పోయిన భూమిని తలుచుకుని ఇంకా బాధపడుతూనే ఉన్నారు. సారు మాత్రం ఏ బావి ఎక్కడ మునిగిందో గుర్తుపెట్టుకుని, దాని మీద పుట్టి ఆపి కూర్చునేవారు.

పుట్టి అంటే ఏమిటో పట్నం వాళ్ళకు చెప్పాలి. పెద్ద వెదురు గంప, దాని అడుగున తోలు. తేలినంతసేపు దాన్ని పడవ అంటాం, మునిగితే మళ్ళీ గంప అంటాం. దానికి ముందూ వెనకా ఉండవు. ఒకవైపు బరువు పడితే అటు ఒరుగుతుంది, గాలి వీస్తే తిరగలిలా తిరుగుతుంది. అందుకని ఇద్దరు ఎక్కితే నడుమ వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఎవరి గాలం వాళ్ళది, ఎవరి నీళ్ళు వాళ్ళవి. మాట్లాడాలంటే ఎదుట ఉన్న నీళ్ళతో మాట్లాడాలి, జవాబు వీపులోంచి వస్తుంది. సారు మొహం కంటే సారు వీపు నాకు ఎక్కువ తెలుసు. ఆయన నవ్వితే చెవికంటే ముందు నా వెన్నుకు తెలిసేది.

నేను ఆ పుట్టి ఎక్కడానికి కారణం మా బాపు. దేశమంతా స్వరాజ్యం వచ్చి మా దగ్గర ఇంకా రాని ఏడాది అది. కాలేజీలు సగం మూతపడ్డాయి, నేను పుస్తకాలు మూటగట్టుకుని ఊరికి వచ్చి కూర్చున్నాను. ఒకరోజు సర్కారు వైపు ఖాకీ వలంటీర్లు లారీలో వచ్చేవాళ్ళు. వాళ్ళు పోయిన మర్నాడు సర్కారు మీద తిరగబడ్డ సంగపోళ్ళు కాలినడకన వచ్చేవాళ్ళు. ఇద్దరికీ జొన్నరొట్టెలు చేసి చేసి మా అవ్వ చేతులు బొబ్బలెక్కాయి. మీసాలొచ్చిన కొడుకును ఇంట్లో పెట్టుకోవడం బాపుకు నిప్పును కొంగున కట్టుకున్నట్టుండేది.

"ఇంట్లుంటె ఎవడో ఒకడు తోల్కపోతడు," అన్నాడు బాపు. "హోటల్ల కూసుంటె నీ నోరే నిన్ను తోల్కపోతది. పోయి సారుతోని నీళ్ళ మీద కూసో."

అట్లా నా ఉన్నత విద్య పుట్టిలో కొనసాగింది. బడి మూతపడి సారుకు అన్ని రోజులూ శుక్రవారాలే అయ్యాయి.

"సార్, చేపలెక్కడుంటయో మీకెట్ల తెలుస్తది?" అని మొదటి రోజు అడిగాను.

"నువ్వెక్కడుంటవో మీ బాపుకెట్ల తెలుస్తది? హోటల్ల. గట్లనే. ఎవని అడ్డా వానికుంటది."

పుట్టిని సరైన చోట ఆపడానికి ఆయన డ్రిల్లునే వాడేవారు. గుట్ట మీద ఒక తెల్లబండ, దాని వెనక ఒంటి తాటిచెట్టు. చెట్టు బండ వెనక దాక్కునేదాకా నన్ను తెడ్డు వేయమనేవారు. తర్వాత మెడ తిప్పి కట్ట మీది తూము గదినీ, దాని వెనక దర్గా గుమ్మటాన్నీ చూసేవారు. ఆ రెండూ కూడా వరసలో నిలబడగానే "హోషియార్" అని గుసగుసగా అనేవారు. హోషియార్‌ను గుసగుసగా అన్న డ్రిల్లు మాస్టరు ఇంకొకరు ఉంటారనుకోను. అక్కడ లంగరు రాయి వదిలితే సరిగ్గా దాని కిందే మునిగిన మోటబావి. ఆ బావి రాతికట్టు సందుల్లో వాలుగలు కాపురముంటాయి. వాలుగ అంటే మీసాలు, పెద్ద నోరు, పొడుగు ఒళ్ళు, పెండ్లిలో మొదటి బంతికే కూర్చునే పెద్దమనిషి వాటం.

ఆయన సామానంతా ఒక రేకు డబ్బాలో పట్టేది. తంగేడు చెక్క రసంలో నానబెట్టి ఆరబెట్టిన నూలుదారం. నెమలి ఈక కాడతో చేసిన బెండు. వాలుగకు ఎర్రలు, అంటే వానపాములు, కొర్రమీనుకు చిన్న కప్ప. దారం అడుక్కు దిగడానికి కందిగింజంత సీసపు గుండ్లు. బెండు మునగగానే నేను కర్ర గుంజేవాణ్ణి. చేప నవ్వుకుంటూ పోయేది. "గుంజకు, అడుగు," అనేవారు సారు. అంటే దారం కొంచెం బిగించి, అవతల ఎవరో ఉన్నారా అని వేలితో అడగాలన్నమాట. ఉన్నామని వాళ్ళు రెండోసారి చెప్పాకే కర్ర లేపాలి. నేను ఇప్పటికీ ఎవరినీ అట్లా అడగను. చాలా చేపలు పోగొట్టుకున్నాను, చేపలు కాని వాళ్ళను కూడా.

ఇంకో కట్టుబాటు ఉండేది. కొర్రమీను పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా, గుప్పెడు కారం చల్లినట్టు, నీళ్ళ మీద గుంపుగా తేలుతుంటాయి. తల్లీ తండ్రీ కింద కాపలా తిరుగుతుంటాయి. అప్పుడు కప్పను వేస్తే చాలు, పిల్లలను కాపాడుకోవడానికి కోపంతో వచ్చి పట్టేస్తాయి. అంత తేలికైన వేట ఇంకోటి లేదు. ఆ ఎర్రటి గుంపు కనబడగానే సారు గాలం పైకి తీసేవారు. "ఇల్లు చూస్కుంటున్నది. సలాం కొట్టి పక్కకు పో." నేను నిజంగానే సలాం కొట్టేవాణ్ణి. వెనక వీపు కదిలేది.

ఒక పొద్దున మేం ఒడ్డుకు వచ్చేసరికి కట్ట మీద వలంటీర్ల లారీ ఆగి ఉంది. నలుగురు దిగొచ్చి మా డబ్బా తెరిచారు. సీసపు గుండ్లు చూడగానే వాళ్ళ పెద్దకు అనుమానం వచ్చింది.

"ఏంది గివి? తూటాలకు మసాలా?"

"దారం ముంచనీకె సాబ్," అన్నారు సారు, పుట్టిలోంచి లేవకుండానే. "గివిటితోని కాల్చాలంటె చేపను ముంగల్నే నిలబెట్టి బతిమాలాలె."

వాడు నవ్వలేదు. సారు మెడలో ఈల చూశాడు. "నువ్వు బడిల డ్రిల్లు మాస్టర్‌వు కదా? మంచిగ దొరికినవ్. రేపట్నించి మా జవాన్లకు కవాతు నేర్పాలె."

సారు పుట్టి అంచు పట్టుకుని లేచి, ఒడ్డున కాలు పెట్టి, "హాయ్ అల్లా" అని ఎడమ కాలు మడతపడి కూలబడ్డారు. నేను పరుగెత్తి చంకల కింద చేతులు పెట్టి లేపాను. నిజమే అనుకున్నాను.

"వాతం సాబ్. నీళ్ళల్ల కూసోని కూసోని పట్టింది. నిలబడనీకె వస్తలేదు, కవాతు ఎట్ల చెప్త?"

వాళ్ళు సీసం తీసుకుని పోయారు. లారీ మలుపు తిరిగేదాకా సారు నా భుజం మీద వాలి కుంటుతూ నడిచారు. మలుపు తిరగగానే భుజం వదిలి, మామూలుగా రెండు కాళ్ళతో నడిచి వెళ్ళి పుట్టిని ఒడ్డుకు ఈడ్చారు. నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"నోరు మూయి. ఈగలు పోతయ్," అన్నారు.

ఆ వారమే బంకమట్టితో గుండ్లు చేసి పొయ్యిలో కాల్చారు. బావిలోని వాలుగలకు తేడా తెలియలేదు. కాలు సంగతి ఊరికి కూడా తెలియలేదు గాని, తెలిసే ప్రమాదం ఒకసారి వచ్చింది. మూడో రోజు సారు బజారులో కుడి కాలు కుంటుతూ పోతున్నారు. నేను పక్కకు పోయి చాలా గౌరవంగా "సార్, మొన్న ఎడమ," అన్నాను. మర్నాడు ఆయన ఎడమ మడమ పైన నల్లదారం కట్టి ఉంది. ఊరంతా అది నొప్పికి కట్టిన తాయెత్తు అనుకుంది. ఏ కాలు కుంటాలో మరిచిపోకుండా కట్టుకున్న గుర్తు అని నాకొక్కడికే తెలుసు.

తర్వాత సంగపోళ్ళు కూడా వచ్చారు. తమ పోరగాళ్ళకు కవాతు నేర్పమని బతిమాలారు. సారు వాళ్ళకూ అదే కాలు చూపించారు. నాకది నచ్చలేదు. పుట్టిలో కూర్చుని నీళ్ళతో అన్నాను.

"వాళ్ళు మనోళ్ళే కద సార్. నేర్పితె ఏమాయె?"

వీపులోంచి జవాబు వచ్చింది. "రెండు దిక్కుల నా తాన సదివిన పోరగాళ్ళున్నరు. గీ దిక్కు లెఫ్ట్ అన్నా, గా దిక్కు లెఫ్ట్ అన్నా, ఎదురెదురుగ నడిచేది నా పోరగాళ్ళే. నేను నేర్పింది వాళ్ళకు సీదా నిలబడనీకె. బెండు చూడు."

బెండు చూశాను. అది ఎప్పుడో మునిగింది.

ఇక నా వంతు చెప్పాలి. వాన పడి పుట్టి కట్టేసిన ఒక రోజు బాపు మాట పెడచెవిన పెట్టి హోటలుకు పోయాను. అక్కడ పది పన్నెండు మంది దిగులుగా కూర్చున్నారు. దిగులు చూస్తే నా నోరు ఊరుకోదు. లేచి నిలబడి, మెడలో ఈల ఉన్నట్టు నటించి, సారు వలంటీర్లకు కవాతు నేర్పుతున్నట్టు చేసి చూపించాను. సారు కుంటుతూ ముందు నడుస్తాడు. గురువు ఎట్లా నడిస్తే అట్లే నడవాలనుకుని వెనక జవాన్లందరూ ఎడమ కాలు కుంటుతారు. "లెఫ్ట్... హాయ్ అల్లా... రైట్!" పెంకుటింటి కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. మూడుసార్లు చేయించారు. నెల రోజుల దాకా ఊళ్ళో పిల్లలు వీధుల్లో అట్లాగే నడిచారు. పక్క ఊళ్ళకు కూడా పాకింది. నా జన్మలో అంత గొప్ప పేరు రాలేదు.

ఆ వానలు వెనకబట్టే వేళకు యూనియన్ సైన్యం వచ్చింది, పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. నేను పుస్తకాల మూట విప్పుకుని హైదరాబాదు పోయాను. నా జోకు ఊళ్ళోనే ఉండిపోయింది. చేపను తిన్నాక పళ్ళెంలో ముల్లు మిగిలినట్టు, దాని మీది నవ్వంతా తినేశాక ఒక్క మాట మిగిలింది: డ్రిల్లు సారు వలంటీర్లకు కవాతు నేర్పిండు. అందరూ విన్నదే. ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తులేదు. సారును కచేరీకి పిలిచి కొన్నాళ్ళు కూర్చోబెట్టి, సాక్ష్యం దొరకక పంపేశారు. బడి మళ్ళీ తెరిచారు గాని ఆయనను మళ్ళీ రమ్మనలేదు. ఎదురుపడితే జనం చెప్పు సర్దుకోవడానికి వంగేవాళ్ళు. ఈ సంగతులు నాకు బాపు కార్డుల్లో మూడింటికి ఒకటి చొప్పున అందాయి.

మరుసటి ఎండాకాలం సెలవులకు పోయి సారు ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని దారానికి తంగేడు రసం పట్టిస్తున్నారు. నన్ను చూసి లేచారు, ఎడమ కాలు కుంటుతూ నాలుగడుగులు ఎదురొచ్చారు.

"సార్, ఇంకా ఎందుకు?" అన్నాను మెల్లగా.

"ఇప్పుడు సీదా నడిస్తె ఏమంటరు? కాలు మంచిగనే ఉండె, అంటె కవాతు చెప్పినట్టే, అంటరు. చెప్పలేదననీకె నా తాన గీ కుంటుడొక్కటే ఉన్నది."

"నేను చెప్త సార్ అందరికి. ఆ మాట పుట్టిచ్చింది నేనే. హోటల్ల..."

"ఎరుకే," అన్నారు. "గా జోకు నేనూ విన్న. మంచిగుండెరా. పుట్టిల కూసోని ఒక్కణ్ణే నవ్విన."

నేను అరుగు మీద కూర్చుని ఆ దారం రెండో కొస పట్టుకున్నాను.

"ఇప్పుడేం చెప్పకు," అన్నారు మళ్ళీ. "నువ్వు నోరిప్పితె జనం నవ్వనీకె తయారైతరు. జర చల్లబడనియ్యి. రేపు పొద్దుగాల రా. చింతల తోపు కాడ కొర్రమీను పిల్లలను తోల్కొని తిరుగుతున్నది. ఊకె చూసొద్దం. నీ జాగ ఖాళీగనే ఉన్నది."

చెప్పొద్దన్నప్పుడు నా గుండెల మీది బండ దిగినట్టయింది. అట్లా దిగినందుకే నాకిప్పుడు సిగ్గు. మర్నాటి పొద్దున నేను నీళ్ళకు పోలేదు. ఆయన వీపుకు నా వీపు ఆనించి ఏం మాట్లాడాలో తెలియక, దేవరకొండ పోయి హైదరాబాదు బస్సెక్కాను. పరీక్ష ఉందని ఇంట్లో అబద్ధం చెప్పాను. బస్సు కట్ట పక్కనుంచే పోతుంది. నేను అటు కాకుండా ఇటు కిటికీ దగ్గర కూర్చున్నాను. తర్వాతి ఏడాది సెలవులకు అసలు ఊరికి పోలేదు.

కార్డు వచ్చాక పోయాను. ఖననం అయిపోయి పదిహేను రోజులైంది. సారు భార్యను మేం చాచీ అంటాం. గడప లోపల కూర్చుని ఉంది. నన్ను చూసి ఆమే మొదలుపెట్టింది.

"నీ గురించే అంటుండె బిడ్డా. పొద్దుగాల లేవలే, గంతే. తకలీఫ్ ఏం పడలే. గుసుల్ నీళ్ళు పోసెటప్పుడు కాలి దారం తెంపిన్రు." కొంగు ముడిలోంచి ఆ నల్లదారం తీసి చూపించింది. "ఏ దర్గా కాడ కట్టిచ్చుకున్నడో నాకు చెప్పనే లే. నీకు ఎరుకనా? గా కాలుకు ఏమైందో నీకేమన్న చెప్పిండా?"

అప్పుడు తెలిసింది, సారు ఇంట్లో కూడా కుంటుతూనే నడిచారని. భార్య దగ్గర కూడా. మంచం నుంచి కుండ దాకా, కుండ నుంచి గడప దాకా.

నేను చెప్పాను. కట్ట మీద లారీ, మడతపడ్డ కాలు, మొన్న ఎడమ అన్న మాట, దారం, హోటలు, అన్నీ. చాచీ విన్నది. గూట్లో ఉన్న ఆముదం సీసా వైపు చూసింది.

"మూడేండ్ల సంది రోజూ ఆముదం కాచి రాసిన," అంది. "ఒక్కనాడన్న వద్దనలే. 'హా, జర నయమైంది' అంటుండె." నవ్వబోయి ఆగిపోయింది. "నాకు భయముంటదని చెప్పకపోయె. నా నోట్ల మాట ఆగదనుకున్నడో ఏమో." దారాన్ని మళ్ళీ ముడి వేసుకుని అంది, "నాకు చెప్పినవ్, మంచిది. నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది? ఊర్ల చెప్పు. తప్పుడు పేరుతోని మన్నుల పండిండు నీ సారు."

ఆ పొద్దుటే హోటలుకు పోయాను. అదే పెంకుటిల్లు, ఇంచుమించు వాళ్ళే మనుషులు. నిలబడి మొదటినుంచీ చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు. ఎడమ కాలి దారం దగ్గరికి వచ్చేసరికి ఒకాయన చాయ పొలమారి దగ్గాడు. "మొన్న ఎడమ" దగ్గర అందరూ బల్లలు చరిచారు.

"మూడేండ్లు ఉత్తగనే కుంటిండా? అబ్బ, ఇది మొదటిదానికంటె మంచిగున్నదిరా!"

"నిజం మామా. ఒట్టు."

"గదే గదే, నువ్వు నిజమన్నప్పుడే ఇంకా నవ్వొస్తది. మల్లొకపారి చేసి చూపియ్యి, కుంటుడు."

నేను చేసి చూపించలేదు. లేచి బయటికి వచ్చాను. వెనక నవ్వు చాలా దూరం దాకా వినబడింది. ఊళ్ళో ఒక్కడు పాడుచేసిన పేరును బాగుచేయగలిగింది ఆ ఒక్కడే, వాడి మాట ఎవరూ నమ్మరు. సారు ముందే చెప్పారు.

ఎటు పోవాలో తోచక నీళ్ళ వైపు నడిచాను. ఎండలకు నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయాయి. మునిగిన చింతల తోపు మోడులు బయటపడ్డాయి. మోటబావి దరి కూడా కొంత తేలింది, మీసాల పెద్దమనుషులు ఎక్కడికి పోయారో. ఒడ్డున సారు పుట్టి ఉంది. పక్కన దాన్ని అల్లి ఇచ్చిన ముసలాయన తుమ్మ నీడలో కూర్చుని బద్దలు చీలుస్తున్నాడు. పుట్టిలోకి తొంగి చూశాను. తెడ్డు, రేకు డబ్బా. సారు కూర్చునే చోటుకు వెనక, తోలు కోసుకుపోకుండా మడిచి వేసిన గోనెపట్టా మీద, ఒక పెద్ద నల్లరాయి.

"గీ రాయేంది తాతా? లంగరుదా?"

"లంగరుది బయట లేదా? గది నువ్వే," అన్నాడు ముసలాయన తలెత్తకుండా. "ఒక్కడెక్కితె ఒరుగుతది కద. ఎవ్వరు తోడు ఎక్కకపోతుండె. నీ జాగల దాన్ని కూసోబెట్టిండు. మాట్లాడుతుండె కూడ దానితోని. నీకంటె గిదే నయమంటుండె, అడ్డం మాట్లాడదట."

"నా మీద కోపంగుండెనా?"

"రోజు దాన్ని తుడుస్తుండె," అన్నాడాయన.

రాయిని ఎత్తి చూశాను. ఇంచుమించు నా బరువే ఉంది. మళ్ళీ దాని పట్టా మీదే పెట్టాను.

"తాతా, సారు నడిచేది చూసినవా ఎప్పుడన్న? గీ ఒడ్డు మీద?"

"నా కండ్లకు నా కాళ్ళే కానరావు బిడ్డా," అన్నాడు.

అప్పుడు కిందికి చూశాను. ఈ వ్యాసం చదువుతున్న మా ఊరివాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇదే. నా నోటిని నమ్మకండి, అది మీకు బాగా తెలిసిన నోరు. వానలింకా పడలేదు. మొదటి వాన పడకముందు ఒక్కసారి అక్కడికి పోయి చూడండి. నీళ్ళు రోజూ కొంచెం వెనక్కి పోతుంటే, సారు రోజూ కొంచెం ఎక్కువ దూరం రేగడి బురదలో వట్టి కాళ్ళతో నడిచారు. ఆ అడుగులు ఎండకు గట్టిపడి అట్లాగే ఉన్నాయి. ఒక్క మనిషివే, పక్కన ఇంకెవరివీ లేవు. నీళ్ళ అంచు నుంచి తుమ్మల దాకా ఎడమ అడుగు ఎంత లోతుందో కుడి అడుగు అంతే లోతు. అడుగుకు అడుగుకు నడుమ దూరం సమానం, కొలిచి వేసినట్టు, కవాతులో వేసినట్టు.

తుమ్మల దగ్గర దారి మలుపు తిరుగుతుంది. అక్కడినుంచి ఊరు కనబడుతుంది, ఊరికి మనం కనబడతాం. మలుపు దాటిన తర్వాత కుడి అడుగు ఒక్కటే లోతుగా ఉంటుంది, ఎడమది గీతలా ఈడ్చుకుపోతుంది. కాని సరిగ్గా ఆ మలుపులో, చెట్టు మొదట్లో, ఒకచోట రెండు పాదాలూ పక్కపక్కన, మడమకు మడమ ఆనించి ఉన్నాయి. మిగతా అన్నింటికంటే లోతుగా. రోజూ అక్కడ కాసేపు సీదాగా నిలబడినట్టు.